కారవాన్ మిత్రులకు బహిరంగ లేఖ: దారి కన్నా ముందు విడిదిని చూసుకోండి

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల దారుల్లో కారవాన్‌లతోనూ గుడారాలతోనూ తిరిగే మిత్రులకు నమస్కారాలతో,

హైదరాబాదులో శనివారం తెల్లవారుజామున బయలుదేరి, నాగార్జునసాగర్ చూసుకుని, దేవరకొండ మీదుగా అచ్చంపేట చేరి, అక్కడి నుంచి కొల్లాపూర్ దాటి సోమశిలకు దిగి, ఆదివారం అలంపురం కూడా ముగించుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రికల్లా ఇల్లు చేరే ప్రణాళికలు మనలో చాలామంది వేసుకుంటున్నారు. ఇలా తిరగడానికి మామూలు కారు, ఒక రాత్రికి లాడ్జి గది చాలు. పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్ మోసుకుని మూడు నాలుగు టన్నుల బండిని వందల కిలోమీటర్లు పరుగెత్తించి, వాటిని రాత్రి ఆరేడు గంటలు మాత్రమే వాడుకుని తిరిగి వెళ్లిపోవడం చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. కారవాన్ సుఖం నడపడంలో లేదు, ఒకచోట నిలబడటంలో ఉంది. అందుకే ఎన్ని ఊళ్లు చూడాలన్నది కాక, ఏ ఒక్క చోట రెండు రాత్రులు ఉండాలన్నది ముందు నిర్ణయించుకోండని, ఆ ఉండటం మీకూ ఆ ఊరికీ ఇబ్బంది లేకుండా సాగడానికి ఏమేం చూసుకోవాలో చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఉదాహరణకు నల్గొండ పక్కనే ఉన్న పానగల్లును తీసుకోండి. కందూరు చోళులు ఏలిన ఊరది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో శివలింగం వెనుక గోడ మీద స్తంభం నీడ ఒకటి పగలంతా నిలిచే ఉంటుంది. పావుగంట ఆగి ఫొటో తీసుకుని వెళ్లేవారికి అది గోడ మీది ఒక నల్లని చార మాత్రమే. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక మరొకసారి వెళ్లి చూసినవారికే, బయట ఎండ ఇంత తిరిగినా లోపలి నీడ అక్కడే ఎలా ఉందన్న ఆశ్చర్యం కలుగుతుంది. నడుమ ఖాళీ సమయంలో ఉదయ సముద్రం కట్ట మీద నడిచి రావచ్చు, బండిలో వండుకుని తిని ఓ కునుకు తీయవచ్చు. ఈ వెసులుబాటు మన బండి ఇస్తున్నప్పుడు దాన్ని వదులుకోవడం దేనికి?

ఇక విడిది సంగతి. మన ప్రాంతంలో బండి నిలపడానికి మొరం నేలను మించినది లేదు. ఎర్ర చెలక వాన వెలిశాక కొంతసేపటికైనా తేరుకుంటుంది గానీ, నల్లరేగడి తడిస్తే ట్రాక్టరు వచ్చి లాగేదాకా చక్రం కదలదు. పైకి చూసి నేలను నమ్మకండి. గునపం గానీ పొడవాటి స్క్రూడ్రైవర్ గానీ తీసుకుని, నాలుగు చక్రాలూ ఎక్కడ నిలుస్తాయో అక్కడ చేతి బలంతో గుచ్చి చూడండి. రెండు అంగుళాల తర్వాత మొరాయిస్తే ఆ నేల బండిని మోస్తుంది. జానెడు లోతుకు సులువుగా దిగిందంటే, రాత్రి చిన్న జల్లు పడినా ఉదయం మీరు అక్కడే ఉండిపోతారు. బండి ముఖాన్ని బయటికి వెళ్లే దారి వైపే ఉంచి నిలపండి. చీకట్లో, వానలో రివర్స్ తీసే అవస్థ తప్పుతుంది.

జలాశయాల తీరాన ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. నీరు అంతకంటే తగ్గినప్పుడు బయటపడే విశాలమైన తీరం నిజానికి జలాశయపు గర్భమే. సోమశిల దగ్గర వేసవిలో ఆ తీరం ఎండి, పెళుసుబారి, మైదానంలా కనిపిస్తుంది; పై పొర కింద మాత్రం ఒండ్రు మెత్తగానే ఉంటుంది. మనిషి నడిచిన చోట కారవాన్ నడవదు. వానాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రమాదం ఉంది: ఎగువన కర్ణాటకలో వానలు పడి కృష్ణకు వరద వస్తే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే నీరు చదును తీరం మీదికి చప్పుడు లేకుండా పాకుతూ వస్తుంది. జూరాల దిగువన నదిలో తేలిన బండల మీద, ఏ ప్రాజెక్టు గేట్ల కిందనైనా, చెరువు మత్తడి పారే దారిలోనైనా రాత్రి ఉండనే కూడదు. పాత నీటి గుర్తు చెట్ల మొదళ్ల మీద, రాళ్ల మీద చారలా కనిపిస్తూనే ఉంటుంది. దానికి పైన, గట్టి నేల మీద చోటు వెతుక్కోండి. అక్కడ నుంచి కూడా నీరు బాగానే కనిపిస్తుంది.

నీడ కోసం చెట్టు కిందికి చేరేముందు తల పైకెత్తి చూడండి. వేప, చింత మంచివే. తాటిచెట్టు కింద మాత్రం బండి పెట్టకండి. ఎండిన మట్టలు గాలికి ఊడిపడితే పైకప్పు మీది సోలార్ పలకలు పగులుతాయి. అసలు నీడలో నిలిపితే సోలార్ పనిచేయదు, ఎండలో నిలిపితే మనం ఉండలేము. ఈ చిక్కుకు తేలికైన పరిష్కారం, మడిచి పెట్టుకునే పలక ఒకటి విడిగా కొనుక్కుని, పొడవాటి తీగతో ఎండలో పరచుకోవడమే. బండి పొడవు వైపు పడమటి ఎండకు గురి కాకుండా, వెనుక భాగం మాత్రమే పడమరకు ఉండేలా నిలిపితే సాయంత్రానికి లోపలి వేడిలో తేడా చేతికి తెలుస్తుంది. చైత్ర, వైశాఖాల్లో మధ్యాహ్నం నిప్పులు కురిసి, సాయంత్రం ఒక్కసారిగా గాలిదుమారం లేవడం మనకు మామూలే. పక్కకు పరిచిన పందిరి గుడ్డను, ఎంత చక్కని ఆకాశమున్నా సరే, నిద్రపోయే ముందు చుట్టేయండి. ఉరుములు మొదలైతే ఒంటరి చెట్టు కింద ఉండవద్దు. గుడారంలో ఉన్నవారు ఇనుప బాడీ ఉన్న వాహనంలోకి వచ్చి అద్దాలు మూసుకుని కూర్చోవడం మేలు.

వేసవిలో ఏసీ గురించి కొత్తవారు నిరాశ పడుతుంటారు కనుక లెక్క చెబుతాను. పన్నెండు వోల్టులదిగా పిలిచే (నిజానికి 12.8 వోల్టుల) 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1.28 యూనిట్ల కరెంటు. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. అంటే గంటా పావు గడిచేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. అదే బ్యాటరీ మీద 30 వాట్ల ఫ్యాను రాత్రంతా, పది గంటలు తిరిగినా ఖర్చయ్యేది 0.3 యూనిట్ మాత్రమే. అందువల్ల మార్చి దాటితే కరెంటు ప్లగ్గు దొరికే హోటల్ ఆవరణలో గానీ, తెలిసినవారి తోటలో గానీ విడిది పెట్టండి, లేదా ప్రయాణాన్ని నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యకు మార్చుకోండి. ఎవరి ప్లగ్గు వాడుకున్నా, అది 16 ఆంపియర్లదేనా, ఎర్తింగ్ ఉందా అని టెస్టర్‌తో చూసుకుని, వాడిన కరెంటుకు డబ్బు మీరే ముందుగా ఇవ్వండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండా ఏసీ నడిపితే చుట్ట లోపల వేడి పుట్టి పైతొడుగు కరుగుతుంది. ఎంత పొడవైనా పూర్తిగా విప్పి పరచాలి. జనరేటర్ గురించి ఒక్క మాటే: ఊరి దగ్గర రాత్రి వేళ దాన్ని నడపకండి.

నీళ్ల విషయంలో నల్గొండ జిల్లాకు వచ్చేవారితో మరింత నిదానంగా మాట్లాడాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ తరాల పాటు మనుషుల పళ్లను, ఎముకలను ఎలా దెబ్బతీసిందో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, మరో దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయిన నీటి మేరకు మిగిలినదానిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి శాస్త్ర ప్రపంచంలో ‘నల్గొండ విధానం’ అనే పేరుందంటేనే ఈ జిల్లా పడిన కష్టం అర్థమవుతుంది. రెండు రోజుల విడిదికి వచ్చినవారికి జబ్బు చేస్తుందని నేను భయపెట్టడం లేదు. చిన్నపిల్లలతో తరచూ వచ్చేవారు బోరు నీళ్లను ట్యాంకులో నింపి తాగడానికి వాడకుండా, స్నానానికీ అంట్లకూ అదీ, తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లో, శుద్ధి చేసిన క్యాను నీళ్లో వేరుగా పెట్టుకోవాలని మాత్రమే అంటున్నాను. ఇద్దరు మనుషులు పొదుపుగా వాడుకుంటే రోజుకు 40 లీటర్లతో గడుస్తుంది. ట్యాంకులో ప్రతి లీటరూ కిలో బరువు; 100 లీటర్లు నింపుకుని ఘాట్ రోడ్డు ఎక్కడం కన్నా విడిది దగ్గర నింపుకోవడం బండికీ బ్రేకులకూ మంచిది. ఊరి నల్లా దగ్గర బిందెలు వరుసలో ఉంటే, ఆ వరుస అయ్యాకే మన పైపు తగిలించాలి.

వాడిన నీళ్లు, మరుగుదొడ్డి పెట్టె (బండిలోని మరుగుదొడ్డి కింద మలం చేరే డబ్బా) గురించి మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు. నా దృష్టిలో మన పద్ధతి మంచిదో కాదో తేలేది ఇక్కడే. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీరు అక్కంపల్లి జలాశయానికి చేరి, కోదండాపురంలో శుద్ధి అయి, హైదరాబాదు నల్లాల దాకా వెళుతుంది. నల్గొండ జిల్లాలోని వందల ఊళ్లూ ఆ నీటినే తాగుతున్నాయి. ఆ జలాశయం ఒడ్డున, కాలువ గట్టున, చెరువు శిఖంలో (నీరు నిలిచే నేలలో) పెట్టెను కుమ్మరించడం క్షమించరాని పని. దాన్ని ఖాళీ చేయవలసింది సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలో: ఇంటికి వచ్చాక మన ఇంట్లోనో, దారిలో హోటల్ యజమానిని ముందుగా అడిగి, వెళ్లేటప్పుడు ఆ చోటు మనమే కడిగి. పెట్టెలో వేసే మందు ఫార్మాల్డిహైడ్ లేనిదై ఉండాలి, ఎందుకంటే ఫార్మాల్డిహైడ్ సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులనే చంపుతుంది. అంట్లు కడిగిన నీళ్లలో మెతుకులు జల్లెడ పట్టి తీసేస్తే ట్యాంకు వాసన సగం తగ్గుతుంది. మెతుకులు బయట పడేస్తే కోతులూ కుక్కలూ మరిగి, మన తర్వాత వచ్చేవారిని పట్టి పీడిస్తాయి.

వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది. లీకైతే కిటికీలోంచి బయటికి పోదు, నేల మీద, మంచం కింద పేరుకుంటుంది. సిలిండరు పెట్టే అరకు అడుగున రంధ్రం ఉండేది అందుకే. దుమ్ము వస్తోందని, దోమలు వస్తున్నాయని దాన్ని గుడ్డతో మూసేవారున్నారు. మూయకండి, సన్నని ఇనుప జాలి బిగించండి. ప్రతి ప్రయాణానికి ముందు సబ్బు నురగను రెగ్యులేటరు మీద, పైపు రెండు కొసల మీద రాసి అరనిమిషం కన్నార్పకుండా చూడండి. బుడగ ఒక్కటి ఉబ్బినా పైపు మార్చాలి. పుష్య మాసపు చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటిని లోపల పెట్టుకుని తలుపులు బిడాయించడం ప్రాణాంతకం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. జొన్నరొట్టెలు చేసుకోవాలనుకుంటే రెండో పొయ్యి బయట పెట్టుకోండి. ఆ వేడి, ఆ పిండి దుమారం లోపలికి రాకుండా ఉంటాయి. చెట్టు కింద ఆరుబయట కాలిన రొట్టె రుచి కూడా వేరు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన అడవి. శ్రీశైలం రహదారిలో మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను వెళ్లనివ్వరు. జంతువులు దాటే వేళ అది. ఆ నిబంధన మనకు అడ్డు కాదు, అడవికి ఊపిరి. సాయంత్రం ఆలస్యమైతే చెక్‌పోస్టు దగ్గర బతిమాలే పని పెట్టుకోకుండా డిండి, అచ్చంపేటల వైపే ఆగిపోయి తెల్లవారాక కదలండి. అడవి లోపల రోడ్డు పక్కన బండి ఆపి పడుకోవడం, గుడారం వేయడం చట్టవిరుద్ధం. అడవిలో రాత్రి గడపాలనుకుంటే మన్ననూరులో అటవీశాఖవారి వసతి ఉంది, ఫరహాబాద్ వైపు వారి సఫారీ ఉంది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఆ అడవి ఆకు రాల్చి ఎండుగడ్డితో నిండి ఉంటుంది. ఒక్క సిగరెట్ పీక చాలు. మల్లెలతీర్థం మెట్లు దిగేటప్పుడు నీళ్ల సీసా తీసుకువెళితే దాన్ని తిరిగి బండిదాకా తెచ్చుకోండి. చెంచు పెంటల (చెంచుల గూడేల) దగ్గర వాళ్ల అనుమతి లేకుండా కెమెరా ఎత్తవద్దు.

రోడ్ల గురించి కొత్తవారికి తెలియని సంగతి ఒకటుంది. వానాకాలం, యాసంగి కోతలప్పుడు ఊళ్ల మధ్య రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. కల్లాలు చాలని రైతుకు అది తప్పనిసరి అవసరం. మన బండి వెడల్పు ఎక్కువ కనుక చీకటి పడ్డాక ఆ దారుల్లో తిరగకండి. రైల్వే వంతెనల కింద, గల్లీల్లో వేలాడే కరెంటు తీగల కింద చిక్కుకోకుండా, మీ బండి ఎత్తును పైకప్పు మీది ఏసీ, పలకలతో సహా కొలిచి డ్రైవరు కంటికి కనబడేలా రాసుకోండి. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు విజయవాడ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర రద్దీ మీకు తెలిసిందే. ఆ వారం మనం రోడ్డెక్కకపోతే ఊరికి వెళ్లేవారికి మేలు చేసినవారమవుతాము. పాత వ్యాన్ కొని లోపల మంచాలూ సీట్లూ మార్పించుకునేవారు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా మార్పులు చేయకూడదని, కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉందని గుర్తుంచుకుని, ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి పని మొదలుపెట్టండి. బండి నడుస్తున్నప్పుడు ఎవరూ పడకల మీద పడుకోకూడదు.

మనం ఆగే ప్రతి చోటుకూ ఎవరో ఒకరు ఉంటారు. ఖాళీగా కనిపించే చెలకకు రైతు ఉంటాడు, చెరువు కట్టకు గ్రామ పంచాయతీ ఉంటుంది, తీరానికి చేపలు పట్టేవారుంటారు. ఒకసారి మునుగోడు దారిలో ఒక రైతును, “అన్నా, ఈ రాత్రికి మీ చెలక గట్టు మీద బండి పెట్టుకోవచ్చా?” అని అడిగితే, “పెట్టుకోర్రి, గని మోటరు కాడికి పోయే తొవ్వకు అడ్డం పెట్టకుర్రి, నేను రాత్రి నీళ్లు మలపనీకి వస్త” అన్నాడు. ఆ ఒక్క మాట అడగకుండా ఆగి ఉంటే, మడికి నీళ్లు మలుపుకోవడానికి వచ్చిన మనిషి చీకట్లో మా బండి చుట్టూ ముళ్లకంపలో నడవవలసి వచ్చేది. సోమశిల ఒడ్డున వలలు ఆరబెట్టి ఉంటాయి, పుట్టిలు బోర్లించి ఉంటాయి. వాటి మీదుగా చక్రం పోనివ్వకండి, తెల్లవారుజామున వేటకు వెళ్లేవారికి దారి వదలండి. ఊళ్లలో కారవాన్ అంటే సినిమావాళ్ల బండిగానే తెలుసు కనుక, ఆగీ ఆగగానే పిల్లలు వచ్చి హీరో ఎవరని అడుగుతారు. తలుపు తీసి లోపల పొయ్యి, మంచం చూపించండి. పెద్దవాళ్లు కూడా వస్తారు, కూర్చుంటారు, జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని పోయి చెట్ల కింద వండుకుని రాత్రులు గడిపిన రోజులు చెబుతారు. కురుమూర్తికీ పెద్దగట్టుకూ అలా వెళ్లిన కుటుంబాలకు విడిది గురించి మనకన్నా ఎక్కువ తెలుసు. ఎడ్లను ఏ వైపు కట్టాలి, పొయ్యి గాలికి ఏ పక్కన పెట్టాలి, రాత్రి చెప్పులు తేలు దూరకుండా ఎక్కడ పెట్టాలి, అన్నీ చెబుతారు.

సరుకులన్నీ నగరంలోనే కొని ఫ్రిజ్ నింపుకుని రాకండి. ఆశ్వయుజంలో బాలానగర్ సీతాఫలాలు రోడ్డు పక్కన బుట్టల్లో దొరుకుతాయి, నల్గొండలో బత్తాయిలు, వేసవిలో కొల్లాపూర్ మామిడి, తాటి ముంజలు దొరుకుతాయి. జూరాల కట్ట దగ్గర అప్పటికప్పుడు వేయించి ఇచ్చే చేపలు తినడానికే గద్వాల దాకా వచ్చేవారున్నారు. విడిది పెట్టిన ఊళ్లోనే పాలు, కూరగాయలు, కోడిగుడ్లు కొంటే మన రాక ఆ ఊరికి నాలుగు రూపాయలు తెస్తుంది, మళ్లీ వచ్చినప్పుడు గుర్తుపడతారు.

చివరిగా ఒక ప్రతిపాదన. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం ప్రకటించి, విడిది పార్కులకు దారి వేసింది. మన దగ్గర పెద్ద పార్కులు వచ్చేదాకా ఆగనవసరం లేదు. సాగర్‌లోనూ సోమశిలలోనూ పర్యాటక సంస్థవారి హరిత హోటళ్లు ఇప్పటికే ఉన్నాయి. వాటి ఆవరణలో నాలుగు బండ్లు పట్టే మొరం నేల, ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గులు, ఒక నల్లా, మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసుకోవడానికి సెప్టిక్ ట్యాంకుకు కలిపిన ఒక గుంట ఏర్పాటు చేస్తే చాలు. రాత్రికి తగిన అద్దె మనమే ఇస్తాము. ఈ నాలుగింటినీ అడుగుతూ పర్యాటక సంస్థకు ఒక వినతిపత్రం సిద్ధం చేశాను. కార్తీక వనభోజనాల రద్దీ మొదలయ్యేలోగా దాన్ని అందజేయాలని ఉంది. దానిపై సంతకం చేయదలచినవారు మీ బండి పొడవు, ఎత్తు, మీరు ఏ నెలల్లో ఎక్కువగా వస్తారు, ఎన్ని రాత్రులు ఉంటారు అన్న వివరాలు రాసి పంపండి. స్థలం ఎంత కావాలో, ప్లగ్గులు ఎన్ని కావాలో ఆ లెక్కతోనే చెప్పగలము.

ఇట్లు,
నల్గొండ నుంచి మీ తోటి క్యాంపర్